జల్లెడ పట్టిన సీసా

భోజనాల గంట కొట్టగానే తరగతి గది ఖాళీ అయిపోయింది. డబ్బా మూతల చప్పుళ్లు, నవ్వులు, పరుగులు అన్నీ కలిసి వరండా చివరిదాకా వెళ్లి మెట్లు దిగిపోయాయి. పిచ్చుక కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, తన భోజనం డబ్బా కోసం గదిలోకి తిరిగి వచ్చింది.

గుమ్మంలోనే ఆగిపోయింది.

కిటికీ దగ్గర రేడియో నిలబడి ఉంది. ఎర్ర పురుగుల సీసాకు కట్టిన పల్చటి గుడ్డ విప్పేసి ఉంది. రేడియో చేతిలో చిన్న కాగితం పొట్లం. అందులోంచి చిటికెడు పిండి తీసి, పాలలో చక్కెర వేసినంత జాగ్రత్తగా సీసాలో వేస్తోంది.

“ఏం చేస్తున్నావ్?” అంది పిచ్చుక.

రేడియో ఉలిక్కిపడింది. పొట్లంలోని పిండి కొంచెం కిటికీ గట్టు మీద రాలింది.

రేడియో ఆ పిల్ల అసలు పేరు కాదు. నోటికి తాళం లేదని సైన్సు టీచర్ ఒకరోజు సరదాగా అన్న మాట అది. అదే ఖాయమైపోయింది. పిచ్చుక అన్నది కూడా ఇంట్లో పిలిచే పేరే. పుట్టినప్పుడు గుప్పెడంత ఉండేదట. నడక వచ్చాక నేల మీద రాలిన గింజలు ఏరుకుంటూ తిరిగేదట. బళ్లో మాత్రం అందరూ ఆమెను ‘పిండిబొమ్మ’ అంటారు. ఎంత దులుపుకున్నా జడ పాయల్లో, కనుబొమ్మల్లో, బూట్ల కుట్లలో కాస్త పిండి మిగిలిపోతుంది. వాళ్ల ఇల్లు పిండిమర వెనకాలే మరి.

పిండిబొమ్మా అని పిలవనిది రేడియో ఒక్కతే. టీచర్ ఇద్దరినీ జంటగా వేసిన రోజునే, మీ ఇంట్లో నిన్ను ఏమంటారని అడిగింది. చెప్పగానే, అదే బాగుందిగా, నేనూ అలాగే పిలుస్తాను, అంది. ఆ బళ్లో పిచ్చుకతో మాట్లాడే మనిషంటూ ఉంటే అది రేడియోనే. పోగొట్టుకుంటే అలాంటి మనిషి మళ్లీ దొరకడం కష్టమని పిచ్చుకకు తెలుసు.

అయినా ఆ నిమిషంలో ఆమె కంటికి సీసా తప్ప ఇంకేమీ కనిపించలేదు.

ఆ సీసాల వెనక ఒక కథ ఉంది.

కొన్ని వారాల కిందట సైన్సు టీచర్ స్టోర్ రూములోంచి ఒక పాత గోధుమల సంచి తెప్పించింది. దాన్ని బల్ల మీద బోర్లిస్తే రెండు రకాల చిన్న పురుగులు బయటపడ్డాయి. రెండూ పెంకు రెక్కల పురుగులే. రెండూ బియ్యపు గింజకంటే చిన్నవే. ఒక రకం నల్లగా, గుండ్రంగా ఉంది. దానికి ముఖం ముందు సూదిలా పొడుచుకొచ్చిన ముక్కు ఉంది. రెండో రకం ఇటుక రంగులో, బల్లపరుపుగా ఉంది. దానికి ఏ ముక్కూ లేదు.

వాటి పేర్లు టీచర్ చెప్పలేదు. “పేరు తెలిస్తే అంతటితో చూడటం మానేస్తారు. ముందు చూడండి. ఏం తింటున్నాయి, ఎక్కడ ఉంటున్నాయి, పిల్లల్ని ఎలా పెంచుతున్నాయి, రెండింటి బతుకులూ పోల్చండి. చివరికి పేర్లు నేను చెబుతాను” అంది. సీసాలు రెండూ ఒకే కిటికీ దగ్గర, ఒకే వెలుగులో ఉండాలని కూడా చెప్పింది.

మిగిలిన జంటలకు చీమలూ, నత్తలూ, ఆకులూ వచ్చాయి. పురుగులు ఎవరికీ అక్కర్లేకపోయాయి. అవి ఈ ఇద్దరికీ వచ్చాయి. ఇద్దరూ వాటికి తమకు తోచిన పేర్లు పెట్టుకున్నారు. ఒకటి ‘ముక్కువి’. రెండోది ‘ఎర్రవి’.

పిచ్చుకకు ఆ రోజు గర్వంగా అనిపించింది. గింజల సంగతి, పురుగుల సంగతి ఆ తరగతిలో తనకంటే ఎవరికి తెలుసు? నిజానికి మరలో పురుగుకు పేరే లేదు. ఉందా లేదా అన్నదే అక్కడి లెక్క. నాన్న గింజల్లో చేయి పెట్టి చూసేది అందుకే. “మన మరలోకి చెత్త గింజ రాకూడదు, మన మర నుంచి చెత్త పిండి పోకూడదు” అని నాన్న రోజుకోసారైనా అంటాడు. కాబట్టి పిచ్చుక రెండు సీసాలకూ నిండైన గోధుమలు ఒక్కొక్కటే ఏరి తెచ్చింది. ఒక్క నూక లేదు. ఒక్క పొట్టు రేకు లేదు.

రేడియో అప్పుడే ఒక మాట అంది. “ఎర్రవి సంచి అడుగున పొడిలో ఉన్నాయే. సంచి పట్టుకున్నది నేనే కదా, చూశాను. వాటికి కాస్త పొడి కూడా వేద్దామా?”

పిచ్చుక తల అడ్డంగా ఊపింది. పోల్చాలంటే రెండింటికీ అన్నీ సమానంగా ఇవ్వాలని చెప్పింది. ఒకదానికి మంచి గింజలు పెట్టి ఇంకోదానికి దుమ్ము పెడితే అది అన్యాయం కదా అంది. మాది మర, నాకు తెలియదా, అని కూడా అంది.

రేడియో భుజాలు ఎగరేసి ఊరుకుంది.

పిచ్చుక రోజూ అందరికంటే ముందు బడికి వచ్చేది. పొద్దున్నే మర మొదలైతే ఇంట్లో మాట వినిపించదు. గోడలు కూడా సన్నగా వణుకుతుంటాయి. అందుకే ఆ ఇంట్లో అందరూ సైగలతోనే మాట్లాడుకుంటారు. అరచెయ్యి అడ్డంగా ఆడిస్తే ‘చాలు’. వేళ్లు ఒకదానితో ఒకటి నలిపితే ‘ఇంకా మెత్తగా’. చూపుడు వేలితో గాలిలో సున్నా చుడితే ‘రేపు రండి’. పిండి మెత్తగా అడిగినవాళ్లకు బరకగా ఆడించి ఇచ్చినప్పుడు నాన్న రెండు వేళ్లతో గుండె మీద తడతాడు. అంటే ‘పొరపాటు నాదే’.

వీటిలో కొన్ని పిచ్చుక రేడియోకి నేర్పింది. రేడియో ఎంత సరదా పడిందంటే, పాఠం మధ్యలో గాలిలో సున్నాలు చుట్టి రెండుసార్లు బెంచీ ఎక్కింది.

అక్క ఉన్నప్పుడు ఆ ఇంట్లో సైగల కంటే గుసగుసలు ఎక్కువగా ఉండేవి. చెవిలో నోరు పెట్టి అక్క ఎన్నో కబుర్లు చెప్పేది. ఈ ఏడాది అక్క పై చదువుకని హాస్టలుకు వెళ్లింది. అంతకుముందు గది ఇరుకుగా ఉందని ఇద్దరూ పోట్లాడుకునేవారు. ఇప్పుడు అక్క మంచం మీద పరుపు చుట్టి ఉంది. గదిలో కావలసినంత చోటు ఉంది. పిచ్చుకకు కావలసిన దానికంటే ఎక్కువే ఉంది.

ఖాళీ తరగతి గదిలో ఆమె మొదట చేసే పని ఒకటుంది. బ్యాగులోంచి చిన్న జల్లెడ తీసేది. దాని కన్నాలు ఎంత సన్నవంటే పిండి, దుమ్ము తప్ప ఇంకేదీ కిందికి దిగదు. ఒక్కో సీసానూ అందులో ఒంపి, పొడి అంతా రాలేదాకా ఆడించి, గింజల్నీ పురుగుల్నీ మళ్లీ సీసాలో పోసేది. రాలిన పొడిని ఒక పాత రేకు డబ్బాలోకి దులిపేది. మరలో ఏదీ పారేయరు. ఊడ్చిన పిండి కూడా కోళ్లు పెంచే ఒక ఆవిడ వచ్చి పట్టుకుపోతుంది. ఈ డబ్బా కూడా నిండాక ఆవిడకే ఇవ్వాలని పిచ్చుక అనుకుంది. సాయంత్రం దాన్ని ఇంటికి తీసుకెళ్లి అక్క మంచం కింద పెట్టేది.

ముక్కువాటిని చూస్తుంటే ఆమెకు పొద్దు తెలిసేది కాదు. ఆడపురుగు సూది ముక్కుతో గట్టి గింజకు ఓపిగ్గా కన్నం తొలుస్తుంది. వెనక్కి తిరిగి అందులో గుడ్డు పెడుతుంది. జిగురులాంటి దానితో కన్నం మూసి, ఏమీ ఎరగనట్టు వెళ్లిపోతుంది. ఒకసారి పిచ్చుక అలాంటి గింజను గోటితో చీల్చి చూసింది. లోపల కాళ్లు లేని తెల్లటి పిల్లపురుగు ఒక్కటే ముడుచుకుని పడుకుని ఉంది. దాని ఇల్లూ అదే, దాని భోజనమూ అదే. గోడలు తింటూ పెరుగుతుంది. రెక్కలు వచ్చాకే బయట ఒక లోకం ఉందని దానికి తెలుస్తుంది.

పుల్లతో తాకితే ముక్కువి కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు పడిపోయేది. టీచర్ ప్రశ్న అడిగినప్పుడు తానూ అచ్చం అలాగే అయిపోతుందని పిచ్చుకకు తోచింది. ముక్కువి ఆమెకు బాగా నచ్చాయి.

ఎర్రవి నచ్చలేదు. వాటికి నిలకడ లేదు. గింజల కిందికీ, ఒకదాని కిందికి ఒకటీ దూరుతూ, ఎప్పుడూ గుంపుగా తిరిగేవి. ఎదురుగా ఇంత మంచి గోధుమ ఉంటే ఒక్క గింజకైనా కన్నం పెట్టేవి కావు. వట్టి సోమరులని పిచ్చుక తేల్చేసింది. ఆ సోమరులు ఒక్కొక్కటిగా వెల్లకిలా పడిపోవడం మొదలయ్యాక ఆమెకు భయం పట్టుకుంది. రెండింటికీ ఒకే గింజ. ఒకే కిటికీ. మరి ఇవెందుకు చస్తున్నాయి?

ఇదిగో, ఆ మధ్యాహ్నం జవాబు దొరికిందనుకుంది.

“ఎన్నాళ్ల నుంచి వేస్తున్నావ్?” అని అడిగింది.

మొదటి నుంచీ అని రేడియో ఒప్పుకుంది. సాయంత్రాలు వేస్తానంది. ఈ రోజు సాయంత్రం ఆటల పీరియడ్ ఉంది కదా, గదికి ముందే తాళం వేసేస్తారు, అందుకని ఇప్పుడే వేద్దామనుకున్నానంది. ఇంకా ఏదో చెప్పబోయింది. ఎప్పుడూ రేడియో మాట్లాడుతుంటే వినే పిచ్చుక ఆ రోజు విననే లేదు. తాను పొద్దున్నే కష్టపడి తీసేది ఈ పిండినన్నమాట. పిండికి చెమ్మ తగిలితే ముక్కిపోతుంది. ముక్కిన పిండి తింటే ఏ ప్రాణి బతుకుతుంది?

“నీ వల్లే చచ్చిపోయాయి. నీకు నోరు తప్ప బుర్ర లేదు” అంది.

ఆ మాట ఆమె అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. అప్పుడే భోజనం ముగించుకుని నలుగురైదుగురు గదిలోకి వస్తున్నారు. ఒకడు పకపకా నవ్వి, రేడియో స్టేషన్ మూతపడిందిరోయ్, అన్నాడు.

రేడియో పొట్లం మడిచి జేబులో పెట్టుకుంది. గట్టు మీద రాలిన పిండిని అరచేత్తో తుడిచింది. మధ్యాహ్నం మొదటి పీరియడుకు పిచ్చుక పక్క నుంచి తన పుస్తకాలు తీసుకుని వెనక బెంచీకి వెళ్లిపోయింది.

ఆ తర్వాత రోజులు చాలా పొడుగ్గా గడిచాయి.

బెంచీ మీద పక్క చోటు ఖాళీ. ఇంట్లో మంచం ఖాళీ. పిచ్చుక మధ్యలో బ్యాగు పెట్టుకుని, చోటు నిండినట్టు తనకు తానే నచ్చజెప్పుకునేది. రేడియో ఎవరితోనూ పెద్దగా మాట్లాడటం లేదు. కిటికీ వైపు కూడా రావడం లేదు. ఇప్పుడు సీసాలో పిండి పడటం లేదు. సీసా శుభ్రంగా, అద్దంలా ఉంది. అయినా ఎర్రవి చస్తూనే ఉన్నాయి. ఇదివరకటికంటే తొందరగా చస్తున్నాయి.

ఆ సంగతి పిచ్చుక గమనించింది. గమనించి, దాని గురించి ఆలోచించకుండా ఉండటానికి శతవిధాలా ప్రయత్నించింది.

ఒక ఆదివారం మర ఆగిపోయింది. మోటారు బెల్టు తెగింది. కొత్తది మర్నాటికి గానీ రాదు. ఇల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. అలవాటు లేని ఆ నిశ్శబ్దంలో గోడ గడియారం కూడా గొంతు పెంచినట్టుంది. అమ్మ చెంచా కింద పెడితే అందరూ తిరిగి చూశారు.

అక్క ఫోను చేసింది. రోజూ మర చప్పుడులో రెండు ముక్కలతో సరిపెట్టుకునేవారు. ఆ రోజు ప్రతి మాటా స్పష్టంగా వినిపించింది. హాస్టల్లో తన గదిలో నలుగురు ఉన్నారని, అయినా ఏమీ తోచదని అక్క చెప్పింది. తర్వాత, నీ రేడియో ఎలా ఉంది, అని అడిగింది.

“బాగుంది” అంది పిచ్చుక. అక్క కాసేపు ఎదురుచూసి, సరే, అమ్మకివ్వు, అంది.

అంతలో వాకిట్లోకి కోళ్లావిడ వచ్చింది. గిన్నెలో కాసిని పిండి ఊడుపులు పోయించుకుంటూ ఇంకేమైనా ఉందా అని అడిగింది. పిచ్చుకకు మంచం కింద డబ్బా గుర్తొచ్చింది. వెళ్లి తీసింది. బరువుగానే ఉంది. ఊరికే ఒకసారి మూత తెరిచి చూసింది.

పిండి కదులుతోంది.

గాలి లేదు. ఎవరూ డబ్బా ఊపలేదు. అయినా పిండి మీద సన్నని గీతలు పడుతున్నాయి, చెరిగిపోతున్నాయి. పిచ్చుక వేలితో కదిపింది. పసుపు కలిసిన తెలుపులో, దారప్పోగుల్లాంటి పిల్లపురుగులు బయటికొచ్చాయి. చిన్నవి, కాస్త పెద్దవి, ఇంకా పెద్దవి. వాటి మధ్య ఇటుక రంగు పెంకులు. ఎర్రవి. బతికి ఉన్నవి. ఒకదాని కిందికి ఒకటి దూరుతూ, గుంపులు గుంపులుగా.

ఆమె మంచం అంచున కూలబడింది.

జల్లెడ కన్నాల్లోంచి పెద్ద పురుగు దిగదు. మరి ఇవెలా వచ్చాయి? గుడ్లు దిగాయి. కంటికి ఆననంత చిన్న గుడ్లు. ఎర్రవి గింజలో గుడ్లు పెట్టవు, పిండిలో పెడతాయి. రాత్రి అవి పిండిలో గుడ్లు పెడితే, తెల్లవారగానే తాను ఆ పిండితో పాటు గుడ్లనూ ఊడ్చి డబ్బాలో పోసింది. ఆ పిండి రేడియో వేసినది.

ఇంకా నమ్మబుద్ధి కాలేదు. ఒక పళ్లెం తెచ్చింది. ఒక పక్క నిండు గోధుమలు పోసింది. ఇంకో పక్క ఆ పొడి పోసింది. కొన్ని ఎర్రవాటిని మధ్యలో వదిలింది. అవి గోధుమల మీదికి ఎక్కాయి. ఒక్కో గింజ దగ్గరా ఆగాయి. నున్నటి గట్టి గింజ. తొలవడానికి సూది ముక్కు లేదు. దిగిపోయాయి. కాసేపటికి అన్నీ పొడిలోకి చేరి కనిపించకుండా పోయాయి.

సోమరులు కావు అవి. ఎదురుగా రాశి పోసిన భోజనం మధ్య ఆకలితో తిరిగాయి. వాటికి ఎవరో ముందు గింజను తొలిచి, పొడి చేసి పెట్టాలి. పాత సంచిలో ముక్కువి ఆ పని చేసేవి. వాటి కింద రాలిన పొడిలో ఇవి బతికేవి. రెండూ ఒకే సంచిలో ఉన్నది అందుకే. తాను విడదీసింది. తర్వాత శుభ్రం చేసింది. రేడియో చిటికెడు చిటికెడు పిండి వేసి వాటిని ఇన్నాళ్లూ బతికించింది.

ఎవరో గుమ్మంలో నిలబడ్డారు. నాన్న. డబ్బాలోకి తొంగి చూసి కనుబొమ్మలు పైకెత్తాడు. పురుగు కనబడితే ఊరుకునే మనిషి కాదు. కానీ కూతురి ముఖం చూసి ఊరుకున్నాడు. ఏమైందని చేత్తో సైగ చేశాడు. మర ఆగిపోయిందన్న సంగతి ఇద్దరికీ గుర్తు లేదు.

పిచ్చుక రెండు వేళ్లతో గుండె మీద తట్టింది.

నాన్న ఆమె పక్కన మంచం మీద కూర్చున్నాడు. “నాకు చెబితే ఏం లాభం తల్లీ? ఎవరి పిండి పాడుచేశావో వాళ్లకు చెప్పాలి” అన్నాడు. అంత మెల్లగా మాట్లాడే గొంతు నాన్నకు ఉందని ఆమెకు అప్పుడే తెలిసింది.

కోళ్లావిడకు డబ్బా ఇవ్వలేదు.

మర్నాడు సైన్సు పీరియడులో జంటలు ఒక్కొక్కటిగా లేచి తాము చూసినవి చెప్పాలి. నత్తల జంట చెప్పింది. చీమల జంట నవ్వు ఆపుకోలేక సగంలో కూర్చుంది. తర్వాత పురుగుల వంతు. రేడియో వెనక బెంచీలోంచి లేచి వచ్చింది గానీ, బల్లకు ఆ చివర నిలబడింది. ముందు ఎవరు మాట్లాడతారని టీచర్ అడిగింది. అందరూ రేడియో వైపే చూశారు. రేడియో నేల చూపులు చూసింది.

పిచ్చుకకు కాళ్లు ముడుచుకుపోతున్నట్టనిపించింది. అలాగే కాసేపు నిలబడిపోతే ఎవరైనా వదిలేస్తారు. ఎప్పుడూ వదిలేసేవారు.

ఆమె బ్యాగులోంచి రేకు డబ్బా తీసి, మూత తెరిచి బల్ల మీద పెట్టింది. ముక్కువాటి గురించి చెప్పింది. కన్నం, గుడ్డు, గింజ లోపలి ఒంటరి పిల్ల. గొంతు సన్నగా ఉంది. పిండిబొమ్మ మాట్లాడుతోందిరా అని వెనక ఎవరో గొణిగారు. టీచర్ అటు చూసింది. గొణుగుడు ఆగింది. పిచ్చుక ఎర్రవాటి గురించి చెప్పింది. గుంపు, పొడి, పిండిలో విడివిడిగా పెట్టే గుడ్లు. తర్వాత ఊపిరి పీల్చుకుంది.

“మా ఎర్రవి చచ్చిపోయింది రేడియో వల్ల కాదు. రేడియో రోజూ వాటికి తిండి పెట్టింది. నేను రోజూ పొద్దున్నే జల్లెడ పట్టి తీసేశాను. ఆ రోజు అందరి ముందూ తననన్నాను. అందుకే అందరి ముందూ చెబుతున్నాను.”

టీచర్ డబ్బాలోకి వంగి చాలాసేపు చూసింది. అప్పుడు పేర్లు చెప్పింది. ఒకటి ముక్కుపురుగు. ఇంకొకటి పిండిపురుగు. పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఈ మాత్రం పేరుకా ఇన్ని వారాలు ఆగింది, అన్నట్టు చూశారు.

రేడియో మాత్రం నేరుగా తన బెంచీకి వెళ్లిపోయింది.

చివరి గంట కొట్టారు. రోజూ ఆ గంటకు మొదట గేటు దాటేది పిచ్చుకే. ఆ రోజు ఆమె గేటు దాకా వెళ్లి, వెనక్కి తిరిగింది. మెట్లెక్కి వస్తుంటే గదిలో మాటలు వినిపించాయి. లోపల రేడియోతో ఇంకెవరైనా ఉన్నారేమోననుకుంది. తొంగి చూసింది.

రేడియో ఒక్కతే ఉంది. కిటికీ గట్టుకు గడ్డం ఆనించి సీసాతో మాట్లాడుతోంది. తనది అన్నిటికంటే ఆఖరి బస్సని, ఈ రోజు కూడా ఆలస్యమేనని, ఇంటికి వెళ్లినా అమ్మ వచ్చేసరికి చీకటి పడుతుందని చెబుతోంది. మిగిలిన ఎర్రవి వింటున్నాయో లేదో తెలియదు. రోజూ సాయంత్రం ఈ గదిలో ఏం జరుగుతుందో పిచ్చుకకు ఎప్పుడూ తెలియదు. అడిగిందీ లేదు.

ఆమె లోపలికి వచ్చింది. రేడియో తల తిప్పింది. పిచ్చుక రెండు వేళ్లతో గుండె మీద తట్టింది.

రేడియో ఆ వేళ్ల వైపు చూసింది. “ఇది నాకు నేర్పలేదు. ఏంటది?” అంది.

నిజమే. నేర్పలేదు. నేర్పాల్సిన అవసరం రాలేదు. ఇప్పుడు నోరు విప్పక తప్పదు. అందరి ముందు చెప్పడం కంటే ఈ ఒక్కరి ముందు చెప్పడమే కష్టంగా ఉంది.

“తప్పు నాది. నిన్ను అలా అనకుండా ఉండాల్సింది. నువ్వు చెప్పబోతుంటే విననే లేదు.”

రేడియో ముక్కు తుడుచుకుంది. “నేను వేసిందంతా అవే తినేస్తున్నాయనుకున్నానే. పొద్దున చూస్తే ఒక్క పిసరు ఉండేది కాదు. పాపం ఎంత ఆకలో అని, ఒకరోజు రెండు చిటికెలు కూడా వేశాను.”

రేడియోకి ముందుగా నవ్వొచ్చింది. అది నవ్వో ఏడుపో తేల్చుకోలేని నవ్వు. పిచ్చుకకూ అలాంటిదే వచ్చింది.

తర్వాత పిచ్చుక బ్యాగులోంచి జల్లెడ తీసింది. రేడియో అనుమానంగా చూసింది. పిచ్చుక ముక్కువాటి సీసా అందులో ఒంపి మెల్లగా ఆడించింది. తొలిచిన గింజల్లోంచి సన్నని పొడి రాలసాగింది. జల్లెడ కింద ఈసారి డబ్బా లేదు. ఎర్రవాటి సీసా ఉంది. రేడియో దాన్ని రెండు చేతులతో కదలకుండా పట్టుకుంది. పొడి పడీ పడకముందే మిగిలిన నాలుగైదు ఎర్రవి అటువైపు పరుగెత్తాయి.

కింద బస్సు హారన్ మోగింది. రేడియో బ్యాగు భుజాన వేసుకుని ఉరికింది. పిచ్చుక కూడా వెనకే దిగింది, గేటు దాకా వెళ్లింది. బస్సు కదిలింది. కిటికీ అద్దం వెనక నుంచి రేడియో చూపుడు వేలితో గాలిలో ఒక సున్నా చుట్టింది. అది మర ముందు నిలబడ్డ వాళ్లకు నాన్న చూపించే సైగ. రేపు రండి.

ఇంజను చప్పుడు మర చప్పుడంత ఉంది. అయినా పిచ్చుక చెయ్యి ఎత్తలేదు. నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, వీధంతా వినిపించేలా అరిచింది.

“వస్తా. సాయంత్రం కూడా ఉంటా.”